దిసారి చెప్పని ఆదివారం

"అమ్మా, దానికి సెప్పు. ఇయ్యాల ఆ బ్లాగు మూసేసి వస్తేనే గుమ్మం ఎక్కమను."

ఫల్గుణ జీపు చక్రం పక్కన గొంతుక్కూర్చుని అన్నాడు. తల ఎత్తలేదు.

"అత్తా, ఆయనకి చెప్పు. నా చీరలు సర్దుకోవడానికి ఒక సంచి చాలు. పుట్టింటికి పాడేరు బస్సు పదింటికి ఉంది."

స్వర్ణ పొయ్యి ముందు కూర్చుని అంది. ఆమె కూడా తల ఎత్తలేదు.

సోములమ్మ ఇద్దరికీ మధ్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అంబలి గిన్నె. "నేనేటి మైకునా? మీ సెవులకేటైనాది? ఒకరి మాట ఒకరికి నేను మోసుకురావాలా?"

ఫల్గుణ చక్రం నట్టు బిగించాడు. స్వర్ణ పొయ్యిలోకి పుల్ల తోసింది.

ఆ గిన్నె కొడుకుది కాదు, కోడలిదీ కాదు. తన అన్న గాసిది. రోజూ తెల్లారగానే ఆయన కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, చెల్లెలి అరుగు మీద కూర్చుని అంబలి తాగి, కాఫీ తాగి, ఎవరి మీదో ఒకరి మీద విసుక్కుని వెళ్ళేవాడు. మూడు రోజులుగా రావడం లేదు. సోములమ్మ మాత్రం గిన్నె కడగడం, అంబలి పోయడం మానలేదు.

విడిపోవడం ఎలా మొదలవుతుందో ఆమెకు తెలుసు. ఆమె మొగుడూ, మరిదీ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నారు. ఒక ఏడు కొత్త ధాన్యం పండగనాడు మరిది భోజనానికి రాలేదు. రేపు వస్తాడులే అనుకున్నారు. అతను ఒడిశా వైపు దిగిపోయి ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు. పెద్ద గొడవలేం కావు మనుషుల్ని విడదీసేది. ఒక పూట రాకపోవడం. అంతే.

"మావ రాడు," ఫల్గుణ అన్నాడు. "ఎలా వస్తాడు? ఊరికి రోజులు సూసే దిసారి ఆయన. సామకొత్త రోజు ఆయన సెప్పాలి. మన ఇంటి కోడలు సెప్పీసింది. దేశమంతటికీ సెప్పీసింది."

అదీ జరిగిన సంగతి. ఆ ఊళ్ళో కొత్త సామలు ఇంటికొచ్చినా, కొత్త పండగ జరిగేదాకా ఎవరూ ఒక్క గింజ నోట్లో వేసుకోరు. ఆ పండగ ఏనాడో దిసారి చెప్పాలి. ఆయన చెప్పాక ఊరి బారికి వీధి వీధీ తిరిగి కేకేస్తాడు. అప్పుడే అది రోజు అవుతుంది. ఈ ఏడు గాసి ఇంకా నోరు విప్పలేదు. ఈలోగా హైదరాబాదు నుంచి ఎవరో స్వర్ణ బ్లాగులో, 'మీ సామకొత్త చూడాలని ఉంది, ఎప్పుడండీ?' అని అడిగారు. 'దసరా ముందు ఆదివారం' అని ఆమె రాసింది. రాస్తున్నప్పుడు అది తప్పని తోచనైనా లేదు.

ఆ మాట కొండ దిగి, రైలెక్కి, తిరిగి కొండెక్కింది. సెలవులకు ఇంటికొచ్చిన ఒక కాలేజీ కుర్రాడు, "కొత్త ఆదివారమట కదా, నెట్లో ఉంది" అన్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి సోములమ్మ వైపు చూశారు.

"ఈ ఏడు కోడిని దేవతకి కొయ్యాలా వదినా, కంప్యూటర్‌కి కొయ్యాలా?" అంది అప్పలనర్సమ్మ.

అందరూ నవ్వారు. ఆ నవ్వయిపోయాక సోములమ్మతో ఎవరూ మాట్లాడలేదు.

"మూసీమని సెప్పమ్మా," ఫల్గుణ మళ్ళీ అన్నాడు.

స్వర్ణ లేచింది. ఈసారీ అత్తతోనే అంది కానీ, చూపు మాత్రం గోడవైపు ఉంచింది.

"మూసేస్తే ఏమవుతుందో తెలుసా అత్తా? రైలు ఆగగానే ఇరవై జీపుల వాళ్ళు దిగినవాళ్ళ సంచులు లాక్కునేవారు. ఈయన దూరంగా నిలబడి, ఎవరైనా తనంతట తాను వస్తారేమోనని చూసేవాడు. ఖాళీ జీపు తెచ్చి ఇక్కడ పెట్టేవాడు. కట్టిన మూడు గదుల్లో ఏం పెట్టుకున్నాం? చెప్పు."

"గుమ్మడికాయలు," అంది సోములమ్మ, నవ్వొస్తుంటే ఆపుకుంటూ.

నిజమే. అరకు చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం కట్టిన గదుల్లో రెండేళ్ళు గుమ్మడికాయలే ఉన్నాయి. స్వర్ణ మొదట రాసింది కూడా వాటి గురించే. 'మా గదుల్లో గుమ్మడికాయలు దిగాయి, చాలా మర్యాదగా ఉంటున్నాయి, వేడినీళ్ళు కూడా అడగవు' అని. రాజమండ్రిలో ఒక మేష్టారు అది చదివి నవ్వుకుని, తన బ్లాగులో నలుగురికీ చూపించి, ఆ చలికాలం భార్యతో దిగాడు. వెళ్ళాక ఆయన రాశాడు. అది చదివి ఇంకెవరో వచ్చారు. వాళ్ళూ రాశారు. స్వర్ణ మాత్రం వారం తప్పకుండా రాస్తూనే ఉంది. కాఫీ పూసిన రోజు కొండ ఎలా తెల్లబడిందో, ఘాట్‌లో బండరాళ్ళు పడి ఏ దారి మూతపడిందో, అత్త రాగి పిండి ఎలా కలుపుతుందో. ఇప్పుడు రైలు దిగినవాళ్ళు, "ఫల్గుణ గారి జీపు ఏదండీ?" అని అడుగుతున్నారు.

ఫల్గుణ జీపు స్టార్టు చేశాడు. నెట్ సెంటర్‌కి వెళ్ళాలంటే స్వర్ణ అందులోనే ఎక్కాలి. ఎక్కింది. అరకు దాకా ఇంజనొక్కటే మాట్లాడింది.

*

ఆ ఏడు, అంటే 2008లో, అరకులో నెట్ సెంటర్లు ఎన్నో లేవు. స్వర్ణ వెళ్ళేది రామారావు దగ్గరికి. పార్వతీపురం మనిషి. ఫొటోస్టాట్ మిషన్‌తో వచ్చి, కంప్యూటర్లు పెట్టి, కొండగాలికి అలవాటుపడి ఉండిపోయాడు. దిసారి అంటే ఎవరో, కొత్త అంటే ఏమిటో అతనికి బాగానే తెలుసు.

"ఏటమ్మా సొర్ణమ్మా, మొగం అలాగున్నాది? ఇయ్యాల నీ వారం కాదు కదా."

"రాయడానికి రాలేదు. తుడవడానికొచ్చాను."

సంగతి విని అతను కుర్చీ లాగి పక్కన కూర్చున్నాడు. స్వర్ణ ఆ పోస్టు తుడిచేసింది. ఒక్క నొక్కు. గుండె మీంచి రాయి దిగినట్టయింది.

"ఉండు, సూద్దాం," అని రామారావు గూగుల్‌లో 'అరకు సామకొత్త' అని కొట్టాడు.

మొదటి వరసలో స్వర్ణ బ్లాగే ఉంది. పోస్టు పోయింది కానీ, దాని పేరూ, కింద 'దసరా ముందు ఆదివారం' అన్న ముక్కా అలాగే కనిపిస్తున్నాయి. దాని కింద ఫొటోలు తీసేవాళ్ళ బ్లాగొకటి. అందులోనూ ఆదివారమే. దాని కింద ఆర్కుట్‌లో ఏదో గుంపు. అక్కడా ఆదివారమే.

"తుడిచేశాను కదా."

"నువ్వు తుడిసినావు. గూగులోడికి ఆ కబురెల్లడానికి టైం పడతాది. మిగతాది ఆళ్ళ గోడమీద ఆళ్ళు రాసుకున్నారు. ఆళ్ళ గోడ నువ్వు తుడవలేవు."

స్వర్ణ ఆ వరసలన్నీ మళ్ళీ కిందిదాకా చదివింది. తనింట్లో అన్న మాట ఎంతమంది ఇళ్ళలో వినిపిస్తోందో ఆమె ఇన్నాళ్ళూ సంతోషంగానే లెక్కపెట్టుకుంది.

"ఒకటి సెప్పనా? కోప్పడకు," రామారావు గొంతు తగ్గించాడు. "ఆ రోడ్డుమీద పెద్ద హోటలుంది కదా. విశాపట్నం నుంచి మనిషిని రప్పించి వెబ్‌సైట్ సేయించారు. బొమ్మలు కదుల్తాయి, పాటొస్తాది. ఎక్కడున్నాదో తెల్సా? మూడో పేజీ. మూడో పేజీకి ఎవడెల్తాడమ్మా? నువ్వేమో గుమ్మడికాయల గురించి రాసినావు, మొదట కూకున్నావు."

"ఎందుకలా?"

"ఆళ్ళు ఒకసారి రాసీసి తాళమేసినారు. నువ్వు వారం వారం దీపం ఎట్టినట్టు రాస్తన్నావు. సదివినోళ్ళు ఊరుకోకుండా, 'ఇదిగో ఈవిడది సూడండి' అని తమ బ్లాగుల్లోంచి నీ ఇంటికి దారేస్తన్నారు. ఎంతమంది దారేస్తే అంత పైకి లేపుతాది గూగులు. అది జనం నమ్మకం. అందుకే నీ తప్పు కూడా పైనే కూకున్నాది. మూసీకు. మూస్తే తప్పు మిగుల్తాది, నువ్వు పోతావు."

ఆ మాట స్వర్ణకు తగిలింది. కొంచెంసేపు వేళ్ళు విరుచుకుంది. తర్వాత కొత్తది రాయడం మొదలుపెట్టింది.

'నేను తప్పు రాశాను. సామకొత్త ఏ రోజో చెప్పే హక్కు నాకు లేదు. చెప్పేది మా ఊరి దిసారి. ఆయన ఇంకా చెప్పలేదు. ఆదివారం కోసం టికెట్లు తీసుకున్నవాళ్ళు దయచేసి రావద్దు. మీ ప్రయాణం పాడుచేసింది నేను, మా ఊరు కాదు. నా మాట తమ బ్లాగుల్లో పెట్టుకున్నవాళ్ళు ఈ మాట కూడా పక్కన పెట్టాలని వేడుకుంటున్నాను.'

రామారావు భుజం మీంచి చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "యాపారం సేసినోళ్ళని శానామందిని సూసినాను. రావొద్దని రాసినోళ్ళని ఇదే సూడ్డం."

"గాసి పెదనాన్న పేరు రాయలేదు. ఆయన్ని అడగకుండా ఇంకో అక్షరం రాయను."

మొదటి జవాబు రాజమండ్రి మేష్టారిదే. 'అమ్మాయ్, ఆయన చెప్పినప్పుడే వస్తాం. చూడటానికి వీల్లేదంటే మానేస్తాం. ఆయనకి మా నమస్కారం చెప్పు.' ఇంకొకాయన, 'సెలవు పెట్టించి ఇప్పుడు వద్దంటే ఎలాగండీ' అని విసుక్కున్నాడు. స్వర్ణ ఆయనకు క్షమాపణ రాసింది. ఫొటోల బ్లాగతను తన రాతని కొట్టేసి, స్వర్ణ మాట పైన పెట్టాడు. సాయంత్రం దాకా కూర్చుంటే గుంపులోంచి ఒక్కొక్కరే వచ్చి మాట చెప్పి వెళ్తున్నట్టుంది. ఎవరూ పండగ ఏ రోజని అడగలేదు. ఆయన ఎప్పుడు చెప్తారని అడిగారు.

*

మర్నాడు మధ్యాహ్నం రామారావు ఫల్గుణకు ఫోన్ చేశాడు. కొత్త రాత పైకొచ్చిందనీ, పాతది కనబడటం లేదనీ చెప్పాడు. ఫోన్ పెట్టేసి ఫల్గుణ తిన్నగా పెరట్లోకి వచ్చాడు.

"రావద్దని రాసినావా? గదులు సెప్పుకున్న పదకొండు మందికీ?"

స్వర్ణ కాఫీ గింజలు ఏరుతోంది. "ఊఁ."

"నాకు సెప్పలేదేం?"

"నువ్వు మాట్లాడితే కదా చెప్పడానికి."

అతను అరుగు మీద కూలబడ్డాడు. చేతుల గ్రీజు తుడుచుకుంటూ, "మేష్టారు కోప్పడ్డాడా?" అన్నాడు.

"లేదు. మీ మావకి నమస్కారం చెప్పమన్నాడు."

ఫల్గుణ గింజల చాట తనవైపు లాక్కుని నల్లవి వేరు చెయ్యడం మొదలుపెట్టాడు. సోములమ్మ గుమ్మంలోంచి అది చూసి, అంబలి గిన్నెకి గుడ్డ కట్టింది.

"లే అమ్మీ. ఆయన రాపోతే మనమెల్దాం."

గాసి ఇంటి వెనక ఎండలో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. చెల్లెల్ని చూసి చెయ్యి ఆపాడు. కోడల్ని చూసి మళ్ళీ చీల్చాడు.

"అన్నా, అంబలి."

"అక్కడ ఎట్టు."

"నాలుగు రోజులనుండి కోపంగున్నావు."

"కోపమెవులికే?" గాసి కత్తి కింద పెట్టాడు. "నీ అరుగుమీద కూకుని కాపీ తాగితే, రోజు అక్కడే సెప్పీసినాడంటారు. అందుకని రాలేదు. నిన్నొదులుకోడానికి కాదు. ఈ వయసులో నిన్నొదిలి ఎక్కడికెల్తాను?"

సోములమ్మ గిన్నె పట్టుకునే కూర్చుండిపోయింది. నాలుగు రోజులుగా బిగబట్టింది కళ్ళలోంచి కారిపోయింది. తుడుచుకోలేదు.

స్వర్ణ ఆయన ముందు నేలమీద కూర్చుంది. "పెదనాన్నా, తప్పు చేశాను. ఆదివారం కాదని అందరికీ రాశాను. ఎవరూ రారు. నువ్వే రోజు చెప్తే అదే."

గాసి ముఖం ఇంకా నల్లబడింది. "కాదని రాసినావా?"

"నువ్వు చెప్పలేదని రాశాను."

"ఆదివారమే," అన్నాడు గాసి.

వెదురు చీలిక ఒకటి గాలికి దొర్లింది. ముగ్గురూ దాన్నే చూశారు.

"నా లెక్కకీ ఆదివారమే వచ్చినాది. నువ్వు రాసినావని ఊరంతా అన్నాక మల్లీ సూసినాను, మల్లీ అదే. ఇప్పుడు ఆదివారమంటే కోడలు సెప్పిందే ఈ ముసలోడు సెప్పినాడంటారు. ఏరే రోజంటే దేవతకి అబద్ధమాడినట్టు. పడుకుంటే నిద్దర లేదు." ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "నీకెలాగ తెలిసింది? నిజం సెప్పు. ఎవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. ఈ ఇంటికి వచ్చిన ఏడు నుంచి కొత్తకి ముందు నువ్వేం చేస్తావో పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. సామ కంకి వంగాక నువ్వు పొద్దున్నే మెట్టమీదికి వెళ్తావు. అమావాస్య పోయి నెలవంక కనబడ్డాక మాటలు తగ్గిస్తావు. ఆ తర్వాత వచ్చిన ఆదివారమే ప్రతిసారీ కొత్త అయింది. వెనక రాసినవన్నీ చదువుకుంటే ఈ ఏడూ అదే అనిపించింది. నా లెక్క కాదు పెదనాన్నా. నిన్ను చూసి రాసుకున్నది."

గాసి చీల్చిన వెదురు ముక్కల్ని ఒక్కచోట చేర్చాడు. తన తండ్రి తనకు చూపించింది, తను ఎవరికీ చూపించనిది, ఈ పిల్ల వాకిట్లో ముగ్గు వేస్తూ, నీళ్ళు మోస్తూ చూసిందన్నమాట.

"అయితే నేనెందుకింక?" అన్నాడు.

కోపంగా అనలేదు. అందుకే సోములమ్మకు భయమేసింది.

స్వర్ణ ఇంకొంచెం ముందుకు జరిగింది. "నిన్నంతా అక్కడే కూర్చున్నాను. పాతికమంది పైనే రాశారు. నీ పేరైనా తెలీదు వాళ్ళకి. ఒక్కళ్ళు కూడా రోజు అడగలేదు. నువ్వు చెప్పేదాకా ఆగుతామన్నారు. నేను రాసినప్పుడు టికెట్లు కొన్నారు. నువ్వు చెప్పలేదని తెలిశాక ఆగారు. నాకు తెలిసింది రోజొక్కటే పెదనాన్నా. ఆగమంటే జనం ఆగేది నీ మాటకి."

గాసి అంబలి గిన్నె గుడ్డ విప్పాడు. సగం తాగి మూతి తుడుచుకున్నాడు.

"రేపు పొద్దు వాలకముందు ఊరి గద్దె దగ్గిరికి రా. రోజు నేను సెప్తాను. ముందుగాల నీకెలాగ తెలిసిందో నువ్వు సెప్పాలి. నీ నోటితో, అందరి ముందర."

"గద్దె దగ్గిర ఆడది మాటాడ్డమేటి అన్నా?" సోములమ్మ లేచి నిలబడింది. "తప్పు ఏస్తారు. ఎలేస్తారు. దాన్ని పాడేరు పంపీమంటారు."

"దేశమంతటితో మాటాడినాది. ఊరితో మాటాడలేదా?" అన్నాడు గాసి.

*

శుక్రవారం పొద్దు కొండ అంచుకి దిగుతుండగా ఊరి మధ్య రాళ్ళగద్దె చుట్టూ జనం చేరారు. ఆడవాళ్ళు గోడల నీడలో నిలబడ్డారు. ఫల్గుణ జీపు పనేదో ఉందని రానన్నవాడు, అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డాడు.

గాసి కర్ర ఆనించుకుని లేచాడు. "కొత్త ఆదివారం," అన్నాడు.

గుసగుస లేచింది. "కంప్యూటర్ సెప్పిందే," అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

"అందుకే ఆ అమ్మిని పిలిసినాను. ఇనండి," అని ఆయన కూర్చున్నాడు.

స్వర్ణ ముందుకు వచ్చింది. చెంగు భుజం చుట్టూ తిప్పుకుంది. మొదటి మాట సోములమ్మకు కూడా వినపడలేదు. రెండో మాట వినపడింది. తర్వాత అందరికీ వినపడింది. తను చూసిందీ, రాసిందీ, తొందరపడిందీ, రావద్దని రాసిందీ దాచకుండా చెప్పింది. ఒక్కదానికీ సాకు చెప్పుకోలేదు. ఎవరినీ బతిమాలలేదు. మూడు గదుల్లోకి మనుషుల్ని తెచ్చిన పిల్ల, తన ఇంటి నోటి కూడు తనే వెనక్కి పంపానని అంత నిదానంగా చెబుతుంటే, కుళాయి దగ్గర నవ్విన అప్పలనర్సమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. సోములమ్మకు ఆ పిల్ల తన కోడలైనందుకు ఒళ్ళంతా వేడెక్కింది.

గద్దె మీద అందరిలోకి పెద్దవాడు ధర్మ. ఊళ్ళో తప్పులకు తీర్పు చెప్పే మనిషి ఆయన. విన్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇప్పుడు తెరిచాడు.

"తప్పు ఒప్పుకున్నావు. అది ఐపోనాది. బ్లాగో గీగో రాసుకో, మన ఊరి పేరు నలుగురికీ తెలిస్తే మాకేటి నష్టం? నాదొకటే మాట." ఆయన వేలు ఆమె వైపూ, గాసి వైపూ తిరిగింది. "ఈ ముసలోడికి కొడుకుల్లేరు. సూసి నేర్సుకున్న మనిషివి నువ్వొక్కదానివే. రేపు ఈడు మెట్ట ఎక్కలేని ఏడు వస్తాది. ఆ ఏడు కొత్త ఎవులు సెప్పాలి? నువ్వు సెప్తావా, ఎవులూ సెప్పకుండా పోవాలా?"

ఎక్కడో పసిపిల్ల ఏడిస్తే తల్లి నోరు మూసింది.

స్వర్ణ చెంగు ఇంకో చుట్టు బిగించింది. ఆమె ఫల్గుణ వైపు చూడలేదు, అత్త వైపు చూడలేదు. నేల చూస్తోంది.

సోములమ్మ అన్న ముఖం చూసింది. ఆయన కర్ర రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. ఆ జవాబు కోసం ఊరందరికన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఆయనేనని, ఔనంటే ఆయన మాట ఆ పిల్ల చేతికి పోతుందని, కాదంటే తండ్రి చూపించిన లెక్క ఆయనతోనే పోతుందని, ఏ జవాబు వచ్చినా ఆయన్నుంచి ఏదో ఒకటి విడిపోక తప్పదని, ఆమెకు అప్పుడు తెలిసింది.